సర్దుబాటు మేస్త్రి బిగించిన టర్బో

సూదమ్మ అడిగింది ఒకే ఒక్కటి, క్లచ్ ప్లేటు మార్చి పెట్టమని. వేలు చూపించి, విడమరిచి, రెండోసారి కూడా చెప్పింది. "క్లచ్ ప్లేటు. అంతే. ఇంకేదీ ముట్టుకోకు. నీకు దణ్ణం పెడతాను." మొగుడుగారు బుద్ధిగా తల ఊపాడు. ఆ ఊపుడు నమ్మి ఆమె వేరే ఊళ్ళో ఒక నాటకశాల కుర్చీలన్నిటికీ కొత్త తొడుగులు కుట్టే పని మీద వెళ్ళింది. తిరిగొచ్చేసరికి షెడ్డు నడిమధ్య ఆమె ఎర్ర బండి మీద గుడ్డ కప్పి ఉంది. పక్కనే ఆయన చేతులు కట్టుకుని, పెళ్ళికొడుకులా నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

ఆ గుడ్డైనా మామూలు గుడ్డా? ఒక సోఫా కోసం ఆమె అపురూపంగా దాచిపెట్టుకున్న ముఖమల్ తాను. దాని అంచుకి అప్పుడే అరచేతి వెడల్పున గ్రీజు అంటుకుంది.

"కళ్ళు మూసుకో," అన్నాడు.

"నా ముఖమల్ తియ్యి ముందు."

"ఒక్క క్షణం మూసుకోవే, సరదాగా ఉంటుంది."

"తీస్తావా, నన్ను తియ్యమంటావా?"

తీశాడు. బానెట్ ఎత్తాడు. సూదమ్మ వంగి చూసింది. చూసి, నిటారుగా లేచి, మళ్ళీ వంగి చూసింది. ఇంజన్ పక్కన ఇనుప నత్తగుల్ల లాంటిదొకటి బిగించి ఉంది. దాంట్లోంచి లావుపాటి గొట్టాలు అటొకటి ఇటొకటి పాకి, బంపరు వెనక కొత్తగా వెలిసిన అల్యూమినియం పెట్టెలోకి దూరుతున్నాయి. పని మాత్రం శుభ్రంగా ఉంది. వెల్డింగు అతుకులు ఆమె కుట్టులాగే తీరుగా, ఎక్కడా వంకర లేకుండా ఉన్నాయి. అది చూసేసరికి ఆమెకు ఒళ్ళు ఇంకా మండింది.

"టర్బో," అన్నాడాయన, పిల్లవాడికి పేరు పెట్టినంత మురిపెంగా. "ఇన్నాళ్ళూ దీని ఊపిరి ఇదే పీల్చుకునేది. ఇకనుంచి సైలెన్సర్‌లోకి పోయే పొగ ఈ ఫ్యానుని తిప్పుతుంది, ఫ్యాను గాలిని బలంగా లోపలికి తోస్తుంది. ఎంత గాలో అంత పికప్పు!"

"ఎంత ఒత్తిడి పెట్టావు?"

"ఏడు."

"పెట్టావులే, నాకు ఏడుపు."

ఇక్కడ ఈ మొగుడూ పెళ్ళాల సంగతి కాస్త చెప్పుకోవాలి. ఆయన కార్ల మెకానిక్కు. ఆమె అదే షెడ్డులో ఒక పక్క మిషను వేసుకుని కారు సీట్లు కుడుతుంది. చేతిలో సూది, నోట్లో సూది, అందుకని అందరికీ సూదమ్మ అయిపోయింది. ఆయన్ని అందరూ సర్దుబాటు మేస్త్రి అంటారు. ఇంజన్లు సర్దుతాడని అనుకునేరు! మనుషుల్ని సర్దుతాడు. ఒకసారి పొద్దున్న టీలో చక్కెర ఎక్కువైందని ఆయన అక్క అంది, చాలలేదని పెళ్ళాం అంది. ఈయన తాపీగా ఒక గుక్క తాగి, "అక్క కప్పు అడుగు నుంచి చెప్తోంది, నువ్వు పైనుంచి చెప్తున్నావు," అన్నాడు. అలాంటి మనిషితో కాపురం అంటే సూదమ్మకి గోడతో పోట్లాడినట్టే ఉండేది. గోడైనా నయం, అవునవునని తల ఊపదు.

ఆ అక్క పైవాటాలో ఉంటుంది. సూదమ్మకి వదిన. ఏడాది పొడుగునా స్కూలు బస్సు తోలుతుంది. చీమ అడ్డొచ్చినా బ్రేకు వేసేంత నెమ్మది. కానీ ఆవిడకీ ఒక స్పోర్ట్స్ కారుంది, నీలం రంగుది. సూదమ్మ ఎర్ర బండీ అదీ ఒకే కంపెనీవి, ఒకే మోడలు. రెండింటినీ తుక్కులోంచి ఏరుకొచ్చి బతికించింది ఈయనే. ఏటా ఒక రోజు ఊరి క్లబ్బువాళ్ళు కొండ రోడ్డు మూసేసి పందెం పెడతారు. బండ్లు ఒక్కొక్కటిగా కింది గీత నుంచి పై గీత దాకా పరిగెత్తాలి. తరగతికో రికార్డు ఉంటుంది. టర్బోలూ గిర్బోలూ లేని చిన్న బండ్లది సాదా తరగతి. సాదా తరగతిలో రికార్డు వదినది. చాలా ఏళ్ళుగా వదినదే. పోయిన పందెంలో సూదమ్మ రెప్పపాటు తేడాలో దాన్ని అందుకోలేకపోయింది.

ఈసారితో ఆ కథ ముగిసిపోతుంది. పందెం అవగానే ఆ రోడ్డు తవ్వేసి, మలుపులు తీసేసి, వెడల్పు చేస్తారట. ఇక ఆ రోడ్డే ఉండదు కనుక ఆ రికార్డుని ఇంకెవరూ ముట్టుకోలేరు. పాత రోడ్డు మీద ఆఖరున ఎవరి పేరుంటే శాశ్వతంగా వాళ్ళదే. సూదమ్మకి మిగిలింది ఈ ఒక్క పరుగు. దానికోసం ఏడాదంతా ప్రతి మలుపూ నిద్రలో కూడా తోలింది. ఇప్పుడు చూస్తే సాదా తరగతిలో పోవాల్సిన బండికి మొగుడు టర్బో బిగించి, ముఖమల్ కప్పి, కళ్ళు మూసుకోమంటున్నాడు.

"టర్బో ఉన్న బండిని సాదాలో రానివ్వరని నీకు తెలుసా, తెలీదా?" అంది, గొంతు అదుపులో పెట్టుకుని.

"తెలుసు."

"తెలిసే చేశావా?"

"మరే! చిన్న టర్బోల తరగతి అని ఒకటి వేరే ఉంది కదా. అందులో ఈసారి ఒక్కళ్ళు కూడా పేరివ్వలేదు. నేను వెళ్ళి నీ పేరు రాయించి వచ్చాను. పందెం మొదలవకముందే కప్పు నీ చేతిలో ఉన్నట్టే!" అని రెండు చేతులూ చాచాడు, మెచ్చుకుంటుందని.

సూదమ్మ ఆ చాచిన చేతుల్ని కిందికి దించింది.

"ఎవరూ లేని పందెంలో ఒక్కదాన్నే పరిగెత్తి నేనే గెలిచానని చెప్పుకోవాలా? దానికి కొండదాకా ఎందుకు, మన వంటగదిలో పరిగెత్తి వస్తాను, కప్పు అల్మారాలోంచి నువ్వే తీసివ్వు!"

"ఒకసారి తోలి చూడు. తోలాక మాట్లాడు."

తోలింది. షెడ్డు వెనక గోదాముల మధ్య ఖాళీ రోడ్డుంది. ఆయన పక్క సీట్లో కూర్చుని బెల్టు బిగించుకున్నాడు. మొదటి మలుపులో అలవాటు ప్రకారం ఎక్సిలేటర్ నొక్కింది. బండి పలకలేదు. ఇంకా నొక్కింది. ఇంకా ఆలోచించుకుంటోంది. మలుపు అయిపోయి ఇంక అక్కర్లేదనుకున్నాక ఒక్కసారిగా ఈల వేసుకుంటూ లేచింది. రోడ్డు పక్కనున్న చెత్తడబ్బా పక్కనుంచి వెంట్రుకవాసిలో దూసుకుపోయారు.

పాత ఇంజన్ అలా కాదు. పాదం ఎంత వంగితే అంతే పలికేది, తోడబుట్టినదాన్ని పిలిచినట్టుండేది. ఆ పలుకుని నమ్ముకునే సూదమ్మ మలుపులన్నీ నేర్చుకుంది. ఇప్పుడు ఆ నేర్చుకున్నదంతా గంగపాలు.

"అలవాటవుతుంది," అన్నాడాయన, డాష్‌బోర్డు పట్టుకున్న చేతులు వదలకుండా.

ఆమె బండి ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఆయనవైపు తిరిగింది. "ఇదంతా ఊడబీకి పాత ఇంజన్‌లా చేసి పెట్టండి."

ఆయన బెల్టు ఇంకాస్త బిగించుకున్నాడు. సూదమ్మ మామూలు కోపంలో మొగుణ్ణి నువ్వంటుంది. కోపం ముదిరేకొద్దీ ఆమెకు మర్యాద పెరుగుతుంది. మీరు అందంటే గాలివాన. తమరు అందంటే ఇంట్లో ఎవరూ ఉండకపోవడం మంచిది.

"పాతవి ఎక్కవు," అన్నాడు నెమ్మదిగా. "గాలి బలంగా తోసేటప్పుడు పాత పిస్టన్లు ఆగవు. కొత్తవి వేశాను. అవి కాస్త లావు. సిలిండర్లు బోరింగు చేయించి వెడల్పు చేశాను. ఇప్పుడు పాతవి వేస్తే గలగలలాడతాయి."

"సైలెన్సర్ గొట్టాలు?"

"కోసి దీనికి అతికించాను."

"అంటే పందెం లోపల..."

"అవదు."

"తమరి తెలివి తెల్లారినట్టే ఉంది," అంది సూదమ్మ. దిగి తలుపు దబాలున వేసి, నడుచుకుంటూ షెడ్డుకి వచ్చేసింది. దారంతా కళ్ళు మండుతూనే ఉన్నాయి. ఏడిస్తే ఆయన చూసి జాలిపడి ఇంకేదో సర్దుతాడన్న భయంతో ఏడవలేదు.

మర్నాడు క్లబ్బుకి వెళ్ళింది. గుమస్తా సాధుమనిషి. కళ్ళద్దాలు తుడుచుకుని, "టర్బో తీసెయ్యండమ్మా, సాదాలో రాసుకుంటాను," అన్నాడు. తియ్యడానికి వీల్లేదని ఆమె చెప్పింది. "పోనీ ఇంకో సాదా బండి తెచ్చుకోండి. పందెం పొద్దున దాకా బండి మార్చుకోవచ్చు," అన్నాడు. అలాంటి బండి ఈ ఊళ్ళో ఇంకొకటే ఉంది. అది ఎవరిదో ఆయనకీ తెలుసు, ఈమెకీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

ఆ రోజంతా ఆమె మొగుడితో మాట్లాడలేదు. ఆయన టీ పెట్టాడు, తాగలేదు. ముఖమల్ మరక పెట్రోలుతో రుద్దాడు, అది ఇంకా పెద్దదయింది. "నీ మంచికే కదా చేశాను," అని మూడు గదుల్లోనూ తిరిగి చెప్పాడు. ఆమె మిషను చప్పుడు పెంచింది.

సాయంత్రం వదిన బస్సు అప్పజెప్పేసి వచ్చి, నీలం బండికి ఆయిలు మార్పిద్దామని మెట్లు దిగి షెడ్డులోకి వచ్చింది. పొడగరి, గొంతు పెద్దది, చెవుల దగ్గర జుట్టు నెరిసింది. ఎర్ర బండి బానెట్ ఎత్తి ఉండటం చూసి ఆగిపోయింది.

"ఏంట్రా తమ్ముడూ ఇది? కాఫీ మిషనా?"

"టర్బో అక్కా."

"సూదమ్మ బండికా?" వదిన మరదలి వైపు తిరిగింది. "ఏమ్మా మరదలా, నాతో పోటీకి భయమేసి తరగతి మార్చేసుకున్నావా?"

సూదమ్మ మిషను ఆపింది. "నేను మార్చుకోలేదు వదినా. మీ తమ్ముడుగారు మార్చారు. నన్ను అడగలేదు, చెప్పలేదు. నాకు కప్పు బహుమతిగా ఇస్తున్నారట."

వదిన నవ్వబోయి మానేసింది. తమ్ముడి మొహం కేసి చూసింది. చిన్నప్పటినుంచీ ఆ మొహం చదివిన మనిషి. "ఒరేయ్, ఎందుకు చేశావురా?"

"ఊరికే... పికప్పు..."

"నీళ్ళు నమలకు. ఎందుకు చేశావు?"

ఆయన రెంచీ బల్ల మీద పెట్టాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ పెట్టాడు. "మీ ఇద్దరిలో ఎవరు ఓడినా నా బతుకు బస్టాండే కదా అక్కా! నువ్వు పైన మొహం మాడ్చుకుంటావు, ఇది కింద మొహం మాడ్చుకుంటుంది, మెట్ల మీద నేను నిలబడాలి. పోయినసారి పందెం తరవాత మీరిద్దరూ ఎన్నాళ్ళు నా చేత మాటలు మోయించారో మర్చిపోయారా? అందుకని చెరొక తరగతీ అయితే నీ రికార్డు నీకుంటుంది, దీని కప్పు దీనికుంటుంది. ఇద్దరూ గెలుస్తారు. అందులో తప్పేముంది?"

సూదమ్మ లేచి నిలబడింది. ఆమెకు ఇప్పుడు అసలు ప్రశ్న దొరికింది. దాన్ని అడగడానికి భయం కూడా వేసింది.

"ఒక్కటి చెప్పు," అంది. మీరు కాదు, తమరు కాదు, మెత్తగా నువ్వు అనే అంది. "నేను ఓడిపోతాననుకుని చేశావా, గెలుస్తాననుకుని చేశావా?"

"అదీ... అటు చూస్తే అటూ, ఇటు చూస్తే..."

"ఒక్కటి చెప్పరా!" అని వదిన అరిచింది.

ఆయన నేలకేసి చూస్తూ చెప్పాడు. "గెలుస్తావని. రెండు బండ్లూ నేనే కదా చూసేది. నువ్వు ఎక్కడెంత వేగం వాడకుండా మిగిల్చుకున్నావో నీ టైర్లు చూస్తే తెలుస్తుంది. ఈసారి నువ్వు గెలుస్తావు."

సూదమ్మకి సంతోషం వేసింది, వెంటనే ఒళ్ళు మండింది. గెలుస్తానని తెలిసిన ఒకే ఒక్క మనిషి, ఆ గెలుపు తీసుకెళ్ళి పిస్టన్లతో పాటు తుక్కులో పడేశాడు. ఇలాంటివాణ్ణి ఏమనాలి? ఏ భాషలో తిట్టాలి?

వదిన మొహం మాత్రం పాలిపోయింది. అక్కడే ఉన్న టైరు మీద కూర్చుంది.

"అంటే నేను ఓడిపోతే తట్టుకోలేననుకున్నావు," అంది. "నన్ను దాచిపెట్టేశావు, అంతేనా? ఎదురుగా ఎవరూ లేకుండా చేసి, ఇదిగో అక్కా నీ రికార్డు, నీ ఒళ్ళో పెట్టుకో అంటున్నావు. ఇంత ముసలిదాన్ని చేసేశావేంట్రా నన్ను?"

"అక్కా, అలా కాదు..."

"నోర్ముయ్." వదిన జేబులోంచి తాళంచెవి తీసి సూదమ్మ మిషను మీదికి విసిరింది. "నా నీలం బండి తోలు. ఒకే బండి, ఇద్దరం. ముందు నేను, తరవాత నువ్వు. పందెంలో అన్నదమ్ములు ఒకే బండి తోలుతుంటారు, మనం తోలకూడదా? వీడు సర్దడానికి ఇంక ఏ తేడా ఉండదు."

సూదమ్మ తాళం కేసి చూసింది. "వదినా, ఒకవేళ నేను గెలిస్తే..."

"గెలిస్తే గెలువు. క్లచ్ కాల్చావంటే మాత్రం తాట తీస్తాను."

ఆ క్షణం నుంచి మేస్త్రికి తన షెడ్డులోకి తనకే ప్రవేశం లేకుండా పోయింది. నీలం బండి ముట్టుకోవద్దని ఆడవాళ్ళిద్దరూ ఒక్కమాట మీద ఆర్డరు వేశారు. ఆయిలు వదినే మార్చుకుంది. బ్రేకులు సూదమ్మ చూసింది. ఆయన గుమ్మంలో నిలబడి, "ప్లగ్గులు శుభ్రం చేశారా? పోనీ గాలి చూశారా?" అని అడుగుతుంటే ఇద్దరూ వినిపించుకోలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అక్కా పెళ్ళామూ ఒక మాట మీద ఉండటం అదే మొదలు. అది తన వల్లే జరిగిందని ఆయనకి లోలోపల గర్వంగా కూడా ఉన్నట్టుంది, అడిగితే చెప్పడు.

వదిన పొడుగు మనిషి కావడంతో ఆ సీటులో సూదమ్మ పాదం పెడళ్ళకి అందలేదు. వీపు వెనక పెట్టుకోవడానికి గట్టి స్పాంజితో ఒక దిండు కుట్టుకుంది, పట్టీలతో బిగించి తీసేలాగ. పొద్దున్నే రోడ్డు మీద జనం లేని వేళ ఇద్దరూ కొండకి వెళ్ళేవాళ్ళు. ఒకరు తోలితే ఒకరు పక్కన కూర్చునేవాళ్ళు. పక్కనున్నవాళ్ళు ఒక్క ముక్క మాట్లాడేవాళ్ళు కాదు. సూదమ్మ తప్పు గేరు వేస్తే వదిన కిటికీలోంచి చెట్లు చూసేది. వదిన బ్రేకు తొందరపడితే సూదమ్మ గోళ్ళు చూసుకునేది. వాళ్ళ మధ్య అంత మర్యాద ఎప్పుడూ లేదు.

కొండ మీద ఒక మలుపుంది. ఎడమ పక్క పొడవాటి రాతిగోడ ఉండటంతో దాన్ని గోడమలుపు అంటారు. దాని ముందు చిన్న కల్వర్టు ఉంది. అందరూ కల్వర్టు దగ్గరే బ్రేకు వేస్తారు. వదినా అక్కడే వేస్తుంది, సూదమ్మా అక్కడే వేస్తూ వచ్చింది. పోయినసారి ఓడిన రెప్పపాటు ఆ మలుపులోనే ఎక్కడో ఉందని ఆమెకు అనుమానం. ఇంకాస్త ముందుకి పోయి వెయ్యాలని ప్రతిసారీ అనుకునేది, ప్రతిసారీ గోడ కనిపించేసరికి కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్ళిపోయేది.

పందెం రోజున ఎండ బాగా కాసింది. ఒక్కొక్కరికి ఒక్క పరుగే. వదిన ముందు వెళ్ళింది. కింద నిలబడ్డవాళ్ళకి కొండ మీదినుంచి ఇంజన్ చప్పుడు మాత్రం వినిపిస్తుంది, మలుపు మలుపుకీ తగ్గి మళ్ళీ లేస్తూ. ఆ చప్పుడు వింటుంటేనే సూదమ్మకి తెలిసిపోయింది, వదిన ఇంత బాగా ఎప్పుడూ తోలలేదని. మైకులో టైము చెప్పగానే జనం చప్పట్లు కొట్టారు. వదిన తన రికార్డు తనే బద్దలు కొట్టింది.

"చూశావా," అన్నాడు మేస్త్రి, పెళ్ళాం భుజం మీద చెయ్యి వేసి. "అక్క ఇంత బాగా తోలుతుందని నేనూ అనుకోలేదు. ఇక నువ్వు గెలవకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. హాయిగా తోలు."

"తమరు అవతలికి దయచేయండి," అంది సూదమ్మ.

పైకి వెళ్ళిన బండ్లన్నీ దిగివచ్చాక వదిన తాళం చేతికిచ్చింది. మొహం వెలిగిపోతోంది, చెమటతో జుట్టు నుదుటికి అంటుకుంది. "ఇక నీదే ఏడుపు," అని భుజం మీద ఒక్కటి చరిచింది. సూదమ్మ దిండు బిగించుకుని కూర్చుంది. తన ఎర్ర బండి కాదు, తన సీటు కాదు. మొగుడు గెలుస్తావని అన్నాడు, ఆ మాట నెత్తి మీద మూటలా ఉంది. ఓడిపోతే ఆయన సర్దిందే సరైనదవుతుంది. జీవితమంతా టీ తాగినప్పుడల్లా ఆయన ఏమీ అనకుండా తల ఊపుతాడు. అది తలుచుకోగానే భయం పోయి కోపం వచ్చింది. జెండా లేచింది.

మొదటి మలుపులు ఎలా పోయాయో ఆమెకు తెలీదు. పాదం నొక్కితే బండి పలికింది, ఎంతడిగితే అంత, ఆలస్యం లేకుండా. కల్వర్టు కనిపించింది. కాలు అలవాటుగా లేవబోయింది. లేవనివ్వలేదు. కల్వర్టు దాటిపోయింది. గోడ రాళ్ళు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి. అప్పుడు, గోడ మొదట్లో సున్నం వేసిన రాయి దగ్గర, బ్రేకు వేసింది. బండి వెనక భాగం జారింది. టైరు గడ్డి అంచుని రాసుకుంది. అమ్మో అని గట్టిగా అరిచింది కూడా, సిగ్గెందుకు చెప్పుకోవడానికి. స్టీరింగు ఇటు తిప్పి, కాలు నొక్కింది. నొక్కిన క్షణమే ఇంజన్ అందుకుంది. ఇక పై గీత దాకా కాలు తియ్యలేదు.

పైన జెండా పట్టుకున్నాయన కిటికీ దగ్గరికి వచ్చి చెప్పాడు. రెప్పపాటు తేడా. ఆమెదే. పాత రోడ్డు మీద ఇక ఎప్పటికీ ఆమెదే.

కొండ దిగేసరికి మేస్త్రి ఎదురు పరిగెత్తుకొచ్చాడు. నవ్వాలో ఏడవాలో తెలీని మొహం. కిటికీలో తల పెట్టి గుసగుసలాడాడు, "అక్క ఏడుస్తోంది. టైర్ల గుట్ట వెనక కూర్చుంది. నేను వెళ్ళి చెప్తాను, రెండోసారికి ఇంజన్ కాగి, టైర్లు వేడెక్కి ఉంటాయి కదా, అది నీకు కాస్త కలిసొచ్చిందని. కొంచెం నిజమే కదా. ఆవిడ మనసు కుదుటపడుతుంది, నీకు పోయేదేముంది?"

సూదమ్మ బండి దిగి ఆయన చొక్కా కాలరు పట్టుకుంది. "ఒక్క అడుగు వేశావంటే కాళ్ళు విరగ్గొడతాను. ఆవిడ ఓడిపోయింది. ఓడిపోయిందని ఏడుస్తోంది. అది కూడా లాక్కుంటావా?"

ఆయన ఆగిపోయాడు. సూదమ్మ ఒక్కతే టైర్ల గుట్ట వెనక్కి వెళ్ళింది. వదిన మోకాళ్ళ మీద మోచేతులు పెట్టుకుని, చిన్నపిల్లలా ఎక్కిళ్ళు పెడుతోంది. స్కూలు బస్సులో అందర్నీ అదలించే ఆ పెద్ద గొంతు ఎక్కడికో పోయింది. సూదమ్మ పక్కన నిలబడింది. ముట్టుకోలేదు. ఏమీ అనలేదు.

చాలాసేపటికి వదిన చేతిరుమాలుతో మొహం తుడుచుకుని తల ఎత్తింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"గోడమలుపులో బ్రేకు ఎక్కడ వేశావు?"

"చెప్పను," అంది సూదమ్మ.

"చెప్పొచ్చుగా, పరాయి మనిషా ఏంటి, అక్కే కదా!" అని గుట్ట అవతలనుంచి మేస్త్రి గొంతు వినిపించింది.

"నువ్వు నోర్ముయ్!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

వదిన ముక్కు ఎగబీల్చింది. మరదలి మొహం లోకి సూటిగా చూసింది. ఇంతవరకూ ఏ పందెంలోనూ అలా చూడలేదు.

"ఓడిపోయానే," అంది. "నిజంగానే ఓడిపోయాను కదూ?"

గుట్ట అవతల ఆయన ఊపిరి బిగబట్టుకుని వింటున్నాడని సూదమ్మకి తెలుసు. "అవును వదినా," అంది. "మీరు ఓడిపోయారు." ఆ మాటకి 'గానీ' తగిలించలేదు.